కరుణ పాస్‌పోర్టుకు ఎంక్వైరీ వస్తుంది

అక్కా, మన కరుణ సింగపూర్ వెళ్తోంది! విమానంలో! టికెట్టూ, బసా, మీటింగు ఫీజూ అన్నీ ఆ మీటింగు వాళ్లే పెట్టుకుంటున్నారు!

ముందు నీ క్షేమం అడగాలి. ఆగలేకపోయాను, ఏమీ అనుకోకు. నీ మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయి? బావగారి దగ్గు తగ్గిందా? ఇక్కడ నేను బాగానే ఉన్నాను, దిగులు పడకు. బెజవాడ వన్ టౌన్‌లో పొద్దుగూకినా కొండ రాళ్లు సెగ కక్కుతూనే ఉంటాయి. గోడౌన్‌లో కాటా దగ్గర కూర్చునే పనే, ఒంటికి కష్టం లేదు. మెస్సులో పప్పే నీళ్లు నీళ్లుగా పోస్తారు. వీలైతే నీ గోంగూర పచ్చడి ఒక సీసాడు పంపు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక మాత్రం గదిలో ఏమీ తోచదు. అయినా బాగానే ఉన్నాను.

సంగతేమిటంటే, పోయిన సెలవుల్లో కరుణ నీ చేత కబుర్లు చెప్పించి ఫోన్‌లో రికార్డు చేసుకుంది, గుర్తుందా? మన ఊరి మాట కంప్యూటరుకు అర్థమయ్యేలా చేసి, దాని మీద పేపరు రాసింది. అది సింగపూర్‌లో పెద్ద పెద్ద ప్రొఫెసర్ల ముందు నిలబడి చెప్పాలట. దారిఖర్చు పెట్టుకోలేని విద్యార్థులకు వాళ్లే ఇస్తారట. నాకు నమ్మకం కుదరలేదు.

“ఎవరైనా ఊరికే ఇస్తారా అమ్మా? మోసమేమో చూసుకో” అన్నాను.

“ఊరికే కాదు నాన్నా, నా పేపరు చూసి ఇస్తున్నారు. మా మేడం గారు కూడా చదివి చూశారు. నువ్వు ముందు ఏడుపు ఆపు” అని నవ్వింది.

ఇప్పుడు భయమల్లా పాస్‌పోర్టు గురించే. నెలాఖరులోగా దాని కాపీ పంపకపోతే ఆ ఖర్చు వరసలో తర్వాతున్న విద్యార్థికి ఇచ్చేస్తారు. ఆధార్‌లో ఊరి అడ్రసే ఉంది కాబట్టి కానిస్టేబుల్ గారు ఎంక్వైరీకి అక్కడికే వస్తారు. అక్కా, రేషన్ కార్డు సర్వే వాళ్లొచ్చినప్పుడు “వాళ్లు ఊరొదిలి పోయారు, మాకేం తెలుసు” అన్నావు. కార్డులోంచి మా పేర్లు పోయాయి. నీకు చెప్పకుండా వచ్చేశాను, నీ కోపం న్యాయమే. ఆ కోపం నామీద తీర్చుకో, పిల్ల మీద వద్దు. ఉన్నదున్నట్టు చెప్పు చాలు. ఇల్లు వాళ్లదే, తమ్ముడు బెజవాడలో పని చేస్తున్నాడు, పిల్ల హాస్టల్లో చదువుకుంటూ సెలవులకు ఇంటికే వస్తుంది అని. ఆయన్ని కూర్చోబెట్టి మజ్జిగివ్వు. వెంటనే నాకు ఫోన్ చేయించు, పిల్లని తీసుకుని రెండు గంటల్లో వచ్చి వాలతాను.

ఫోన్‌లో నీకు సరిగా వినపడదని ఇదంతా రాస్తున్నాను. పాస్టరు గారి చేత రెండుసార్లు చదివించుకో. బావగారికి నమస్కారాలు. మీ ఇద్దరూ పిల్ల కోసం ప్రార్థన చేయండి, నాక్కూడా ధైర్యం రావాలని అడగండి.

నీ తమ్ముడు,
ఏసుపాదం

ఈ కబురు చెప్పాల్సినవాళ్లు:

చల్లపల్లి పెద్దమ్మకి. కూర్చోబెట్టి చెప్పు, ఆవిడ ఈ సంతోషం తట్టుకోలేదు.

దానయ్య బావకి. ఆడపిల్లకి ఇంత చదువెందుకన్నాడుగా, విమానం అన్న మాట కాస్త గట్టిగా చెప్పు.

ఎదురింటి మరియమ్మ వదినకి. కోడిపెట్ట గొడవ నాటి నుంచి మీకు మాటల్లేవని తెలుసు. కానీ కానిస్టేబుల్ గారు ఇరుగుపొరుగు మాట కూడా రాసుకుంటారట. ఈ ఒక్కసారికి నువ్వే వాళ్ల గుమ్మం ఎక్కక్కా.