హనుమక్క వదిలేసిన సాలు

శనివారం, ఆగస్టు 1961. దేశనూరు.

ఈరోజు హనుమక్క పత్తిచేను చూశాను. ఉన్నదే ఎకరం, దానికీ పేనుబంక పురుగు పట్టింది. ఆమె కొన్ని సాళ్లకు వేపగింజల కషాయం, కొన్నింటికి పొగాకు కషాయం చల్లింది. ఒక్క సాలుకు మాత్రం ఏదీ చల్లలేదు. అది పూర్తిగా ముడుచుకుపోయింది.

"దీన్నెందుకు వదిలినావక్కా?" అన్నాను.

"వదలకుంటే, పురుగు మందుకు సచ్చిందో వానకు కొట్టుకపోయిందో యాడ తెలుస్తాదప్పా? పొగాకు బిరీన పనిచేస్తాది గానీ, నాకు తల తిరిగె. ఇంకమీద అంతా యాపే."

బడి మొహం చూడని మనిషి! ఒక సాలు పంట పోగొట్టుకుని నిజం తెలుసుకుంది. గ్రామసేవకుడిగా రెండేళ్లు డీడీటీ పొడి పంచిన నాకు ఆ ఆలోచనే రాలేదు. బాగా పనిచేస్తోందని మాత్రం ప్రతి రిపోర్టులో రాశాను.

ఈసారి హనుమక్క సంగతి రాస్తే పైవాళ్లు నవ్వుతారేమో. నవ్వినా రాయాలి...