పక్క మెషిన్ స్టోయాంక పిన్ని

ప్లోవ్‌దివ్, మంగళవారం

అమ్మా, జిమ్ మానలేదు, బెంగపడకు. పక్క మెషిన్ మీద పరిగెత్తే స్టోయాంక పిన్ని నన్ను మాననిస్తేగా! "అప్పుడే దిగావా, బద్ధకం మొహమా? ఇంకాస్త పరిగెత్తు" అంటుంది. నిన్న జిమ్ తలుపు మీద ఆవిడ ఫోటోతో, పోయి ఆర్నెల్లయిందంటూ సంస్మరణ కాగితం అతికించి ఉంది. నేను చేరి నెలేగా అయింది! ఇక వెళ్ళకూడదనుకున్నాను. ఇవాళ పొద్దున్నే మా గుమ్మం బయట అదే గొంతు: "నువ్వు రాకపోతే నాకు తోడెవరే?"

పోయినవాళ్ళ పేరిట పంచే గోధుమలు ఎంతసేపు ఉడకబెట్టాలో వెంటనే రాయి. పంచదార కలపాలా, పైన చల్లాలా? జిమ్‌లో అందరికీ పంచుతాను. నాన్న మోకాలు తగ్గిందా? అందరికీ నా ముద్దులు.

బూట్లు వేసుకున్నాను. ఆవిడ ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది.

నీ నెవేన