నీ తివాచీని నువ్వే కొనుక్కున్నావక్కా

బెంగళూరు,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన రూతక్కకు,

ప్రభువు దయవల్ల నీ తమ్ముడు ఏసుపాదం ఇక్కడ ఒళ్లు చెడకుండా ఉన్నాడు. ఏలూరులో నువ్వూ, బావగారూ, పిల్లలూ, మంచం మీదున్న మీ అత్తగారూ చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. నీ మోకాలు ఎలా ఉంది? మగ్గం ముందు కూర్చుని లేచేటప్పుడు గోడ పట్టుకుంటున్నావని చిన్నది ఫోనులో చెప్పింది. నా గురించి దిగులు పడకు. బాగానే ఉన్నాను.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం వాళ్లు తెంచేశాక కాపలా పని పోయి నేనీ ఊరొచ్చి ఎనిమిది నెలలైంది. కొరియరు ఆఫీసులో పార్సిళ్లు కట్టడమే పని. ఎండ కాస్తూనే చలేస్తుంది, ఇదేం ఊరో. సాంబారులో బెల్లం వేస్తారు. మొదటి రోజు అది పాయసమనుకుని తాగేసి, "సాంబారు ఎప్పుడు తెస్తారండీ?" అని అడిగితే హోటలతను నాకేసి ఎగాదిగా చూశాడు. నీ చేతి బొమ్మిడాయిల పులుసు తలుచుకుంటే ఈ అన్నం గొంతు దిగదు. పొద్దున్నే మెలకువ వస్తే గూడబాతుల చప్పుడు కోసం చెవులు రిక్కిస్తాను. బస్సు హారన్లు వినపడతాయి. అయినా బాగానే ఉన్నాను, దిగులు పడకు.

ఇన్నిసార్లు బాగున్నానని రాస్తున్నాడంటే వీడేదో వెధవపని చేసుంటాడని నీకీపాటికి తెలిసిపోయి ఉంటుంది. చేశాను. చెబుతాను.

ఉన్ని ఇచ్చే షావుకారు ఇవ్వడం మానేశాక, మిగిలిన ఉన్నితో చిన్న తివాచీ నేసి పంపావు కదా. ఇది అమ్ముడైతే సరే, లేకపోతే వచ్చే నెల మగ్గం విప్పి కట్టెలకి ఇచ్చేస్తానని బావగారు అన్నారని రాశావు. ఆ ముక్క చదివిన దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు.

మా ఆఫీసుకి కమలమ్మగారని ఒకావిడ వారం వారం వస్తారు. మన తణుకు ఆవిడే. పాత ఇత్తడి దీపాలు ఇంటర్నెట్టులో వేలం పెట్టి అమ్ముతారు. తివాచీ చూపిస్తే చేత్తో నిమిరి, "ఎంత ముద్దుగా ఉందండీ! దీన్ని కూడా వేలం పెట్టండి" అని, వీధి చివర నెట్ సెంటరుకి తీసుకెళ్లారు.

ముందు ఖాతా తెరవాలట. సొంత ఖాతానా, వ్యాపార ఖాతానా అని కంప్యూటరు అడిగింది. నేను వ్యాపారం మీద నొక్కబోయాను. ఆవిడ నా చెయ్యి ఆపి, "ఏవండీ పాదంగారూ, ఒక్క తివాచీకి కంపెనీ ఎందుకండీ? దానికి బోలెడు కాగితాలు అడుగుతారు. సొంతది చాలు, అమ్మకాలు పెరిగాక మార్చుకోవచ్చు. పేరు మాత్రం ఆలోచించి పెట్టండి. కొన్నవాళ్లు మంచీ చెడూ రాసేది ఆ పేరు పక్కనే" అన్నారు.

ఆలోచించి 'కొల్లేరు మహారాజా' అని పెట్టాను. ఆవిడ నుదురు కొట్టుకున్నారు.

తివాచీని వేలానికి పెట్టాక రెండు రోజులు గడిచాయి. ఒక్క పాటా లేదు. మహారాజా పక్కన సున్నా. అది చూస్తే నాకు మన గుడిలో కోత పండుగ గుర్తొచ్చింది. ఆరాధన అయ్యాక గుమ్మడికాయలూ, కోళ్లూ, గోంగూర కట్టలూ బల్ల మీద పెట్టి గుడి నిధికి వేలం వేసేవారు కదా. ఎవరూ నోరు విప్పకపోతే, తెచ్చినవాళ్లే మొదటి పాట పాడేవారు. నాన్న తెచ్చిన గుమ్మడికాయకి నాన్నే పాడి, తనే గెలిచి, మళ్లీ బల్ల మీద పెట్టేస్తే అందరూ చప్పట్లు కొట్టేవారు. ఆ కోడిపెట్ట సంగతి గుర్తుందా? నీకు సంబంధం ఖాయమైన ఏడాది, బావగారు పాడినప్పుడల్లా నేను ఇంకో పదీ పదీ పెంచాను. ఆయన నీ ముందు తగ్గలేక జేబంతా ఖాళీ చేసి, పెట్టని చంకలో పెట్టుకుని వాళ్ల ఊరు దెందులూరు దాకా నడిచే వెళ్లారు. నువ్వు ఆడవాళ్ల వరసలో పైట నోట్లో కుక్కుకుని నవ్వావు. నాకిప్పటికీ ఆ నవ్వు కనిపిస్తుంది.

అందుకని, ఇక్కడా ఎవరో ఒకరు మొదలెట్టాలి కదా అని నీ పేరు మీద ఇంకో ఖాతా తెరిచి, నేనే పాడాను. సాయంత్రానికి పూనా నుంచి ఒక టీచరమ్మ పెంచింది. నాకు ఊపొచ్చింది. రూతు పెంచింది. టీచరమ్మ పెంచింది. రూతు మళ్లీ పెంచింది. అంతే, ఆవిడ ఊరుకుంది. గడువైపోయింది. నీ తివాచీని నువ్వే కొనుక్కున్నావక్కా!

గుడిలో అయితే నవ్వుకుని మళ్లీ బల్ల మీద పెట్టేవాళ్లం. ఇక్కడ వేలం నడిపే కంపెనీవాళ్లు రెండు ఖాతాలూ ఆపేశారు. సొంత సరుకుకి సొంతవాళ్లు పాడటం మోసమట. దేవుడికిచ్చేచోట సరదా, కొనేవాళ్ల దగ్గర మోసమేనని నాకిక్కడికొచ్చాక తెలిసింది. అందులో నీ పేరు కూడా ఉంది. నన్ను తిట్టు, పడతాను.

కమలమ్మగారే ఇంగ్లీషులో నా తరఫున ఉన్నదున్నట్టు రాసిపెట్టారు. జవాబొచ్చింది. ఈసారికి ఒక్క ఖాతా ఉంచుతారట, ఏదో మేమే తేల్చుకోవాలట. అది మహారాజాదే అన్నాను. ఆవిడ కళ్లద్దాలు తీసి, "తివాచీ నేసిందెవరండీ?" అన్నారు.

"మా అక్కండి."

"మహారాజుగారు ఏం చేశారండీ?"

"పార్సిలు కట్టానండి."

"అయితే పార్సిలే కట్టండి."

నా నోరు మూయించిన మనిషిని నువ్వెప్పుడైనా చూశావా? ఆ పూటే మహారాజా ఖాతా మూసెయ్యమని రాసిచ్చేశాను. పూనా టీచరమ్మకి కూడా, పాడింది మా అక్క కాదు, నేనేనని రాయించాను. ఆవిడ ఇంకా జవాబివ్వలేదు.

ఇప్పుడు మిగిలింది నీ ఖాతా ఒక్కటే. ఫారం ఇందులో పెట్టాను. నీ సంతకం, నీ బ్యాంకు పుస్తకం మొదటి పేజీ జిరాక్సు కావాలి. డబ్బు నీ పుస్తకంలోనే పడుతుంది. ఖాతాకి ఏం పేరు పెట్టాలో కూడా నువ్వే రాయి, నేను చెప్పను. ఇష్టం లేకపోతే చించెయ్యి, తివాచీ తిరిగి పంపిస్తాను, ఏమీ అనుకోను. నిన్ను అడక్కుండా ఇంక ఒక్క అక్షరం నొక్కను.

సంతకం పెడితే మాత్రం, ఈ తివాచీకి జతగా ఇంకోటి మొదలెట్టు. ఉన్నికి సరిపడా వేరే మనియార్డరు చేశాను. నీ జవాబొచ్చేదాకా మగ్గం మీద చెయ్యి వెయ్యొద్దని బావగారికి నా మాటగా చెప్పు. కోడిపెట్ట మీద కోపం ఇంకా ఉంటే నా మీద చూపించమను.

అత్తగారికీ, పాస్టరుగారికీ వందనాలు. పిల్లలకి ముద్దులు. పొద్దున ప్రార్థనలో నా పేరు మర్చిపోకు.

నీ దీవెన కోరే,
పార్సిళ్లు కట్టే తమ్ముడు
ఏసుపాదం