అత్త చూసొచ్చిన సంబంధం

హిందూపురం

అన్నకు, చెల్లెలు భాగ్యమ్మ నమస్కారాలతో రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. కనగానపల్లిలో నువ్వు, వదిన, పిల్లలు సుఖంగా ఉన్నారని నమ్ముతున్నాను. ఫోన్ ఉండగా ఉత్తరమెందుకని నవ్వకు. మాది ఒక్క గది ఇల్లు. నేను ఫోన్ పట్టుకుంటే చాలు, మన మేనత్త ఒక చెవి ఇటే పడేస్తుంది.

బట్టల ఫ్యాక్టరీలో పని అలవాటైంది. వచ్చిన కొత్తలో భోజనం వేళ ఒక్కదాన్నే కూర్చుని ఏడుపు మింగేదాన్ని. ఇప్పుడు పక్క మిషన్లవాళ్లు కన్నడంలో ఆటపట్టిస్తే నేనూ కన్నడంలోనే తిప్పికొడుతున్నాను. ఎండలు మన ఊరి ఎండలే. వదిన పంపిన చెనక్కాయల పొడి అయిపోయింది, ఎవరైనా ఇటు వస్తే మళ్లీ పంపమను.

ఇక అసలు సంగతి. బాత్‌రూంలో జారిపడి తుంటి ఆపరేషన్ అయ్యాక అత్తకు ఎప్పుడూ పక్కన మనిషి ఉండాలి. మీరిద్దరూ చేనికి పోతారు, నేనూ మా ఆయనా ఫ్యాక్టరీకి పోతాము. అందుకే వృద్ధాశ్రమాలు విచారించమన్నావు. అత్తకు చెప్పే పని కూడా నా నెత్తినే వేశావు. నేను భయపడుతూనే చెప్పాను. అత్త తిట్టలేదు. పట్టుచీర కట్టుకుని "పదమ్మే, సంబంధం చూసొద్దాం" అంది. మొగుడితో సరిపడక పుట్టింటికి తిరిగొచ్చినప్పటి నుంచి మనల్ని పెంచిందీ, మన పెళ్లిచూపులకు పెద్దదిక్కుగా ముందు నడిచిందీ ఆమే కదా!

హిందూపురంలో చూసింది కొత్త బిల్డింగ్. మందులకు, బట్టలుతకడానికి, ఆయాకు అన్నీ విడివిడిగా కట్టాలట, డిపాజిట్ వేరే. మేనేజరు మంచం పక్కన బెల్లు చూపించాడు. "బెల్లుండాది సరే, వచ్చే మనిషి యాడుండాదో చూపించప్పా" అంది అత్త. ఆయన నొక్కాడు. మేము కాఫీ తాగడం అయిపోయింది గానీ ఎవరూ రాలేదు.

ధర్మవరంలోది చవక, కానీ గదులన్నీ మేడ మీదే. భోజనం చేసి వెళ్లమన్నారు. అత్త మంచినీళ్లు తాగి లేచింది. సంబంధం కుదరకుండా అన్నం ముడితే ఒప్పుకున్నట్టే కదా. ఆ ఆకలంతా బస్సులో నా మీద చూపించింది.

పెనుకొండలోది పాత ఇల్లు, అన్నీ కింద గదులే. గోడలకు పట్టుకోవడానికి కమ్మీలున్నాయి, రాత్రంతా నర్సు ఉంటుంది. అత్త పింఛను, చేని కౌలు పోను తక్కువపడేది నా జీతంలో సర్దుతాను, నువ్వు బెంగపడకు. అక్కడి ముసలమ్మలు అత్త ఊరూ పేరూ ఆరా తీశారు. పిల్లలెందరని ఒకావిడ అడిగింది. "ఇద్దరు. మా అన్న బిడ్డలే" అంది అత్త. ఇంతలో భోజనానికి పిలిచారు. అత్త నేరుగా పోయి బంతిలో కూర్చుంది. "సంగటి ఇంగ రవ్వంత ఎయ్యమ్మా, ఉడుకుడుగ్గా బాగుండాది" అంది. నేను గుమ్మంలోనే నిలబడి ఏడ్చేశాను.

తిరిగొచ్చేటప్పుడు అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఏమ్మే ఏడుస్తావు? నేను ఇష్టపడే పోతాండా. మీ అన్నే, ఊర్లోవాళ్లు ఏమంటారోనని మొగం దాచుకునుండాడు. నాతో ఫోన్లో గూడా మాట్లాడ్డంల్యా. వాడు ముందు నడిచి నన్ను ఆడ దింపల్ల. వాడు రాకుంటే దిక్కులేక పోయినట్లయితాది. వాడొస్తే పుట్టింటోళ్లు సాగనంపినట్లుంటాది."

అన్నా, ఊరికి ఏం జవాబు చెప్పాలో తర్వాత చూసుకుందాం. ఆదివారం పొద్దున బస్సుకు వచ్చెయ్యి. వదినకు నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నీ దీవెన నాకెప్పుడూ కావాలి.

ఈ ఉత్తరం ఇంత దాచి రాసినా అత్త కనిపెట్టేసింది. పక్కన కూర్చుని, "వాణ్ని తెల్లచొక్కా ఏసుకోని రమ్మని రాయి" అంటోంది.

ఇట్లు
నీ చెల్లెలు
భాగ్యమ్మ