లారీ ముందు ముగ్గు

నవంబరు 1983, గురువారం రాత్రి. బర్మామైన్స్ బస్తీ.

గండం గడిచింది. కంపెనీ క్వార్టరు పోయాక, ఓడల్లో సరుకు పంపే పాత కంటైనరును లారీకి బిగించి, లోపల మంచం, స్టవ్ పెట్టి, బయట సరుకు లారీలా రంగేశాను. అందులో కాపురమున్నామని తెలిస్తే పోలీసులు రోడ్డుమీద ఉండనివ్వరు. పొద్దున లేచి చూస్తే, వెనక తలుపు ముందు మా ఆవిడ ఇంత ముగ్గేసింది! చెరిపేలోపే కానిస్టేబుల్ వచ్చాడు.

"నయా గాడీ కా పూజా హై క్యా?" అన్నాడు, కొత్త బండికి పూజ చేశామనుకుని.

"హా సాబ్!" అన్నాను. ప్రసాదమని బెల్లం ముక్క పెడితే కళ్లకద్దుకుని వెళ్లిపోయాడు.

లోపలికెళ్లి కేకలేశాను.

"ముగ్గు నేకపోతే గుమ్మమేటి, ఇల్లేటి?" అంది. రేకు డబ్బాలో ఉండనని మొన్నటిదాకా ఏడ్చిన మనిషి!

రేపు వేరే వీధిలో ఆపాలి. అక్కడా ఇలాగే... ఏమో. ముగ్గు డబ్బా మాత్రం తన చేతికందేలా తలుపు పక్కనే పెట్టాను.