ఇద్దరు ప్రెసిడెంట్లు

జూన్ 7, 1974

నిన్న డాక్‌యార్డు దగ్గర కాల్పులు జరిగాయి. బియ్యం చాలడం లేదని సమ్మె కట్టినవాళ్ళ మీద. ఎంతమంది పోయారో ఎవరికీ తెలియదు. రేడియో రంగూన్ పొద్దుటినుంచీ పాటలు వేస్తోంది.

మా తెలుగువాళ్ళలో ఫిట్టర్ దండాసికి మోకాలిలో తూటా దిగింది. నలుగురితో కలిసి పరుగెత్తుకుంటూ మా పేట సంచౌంగ్ దాకా వచ్చాడు. మా అమ్మవారి గుడిలో దూరదామనుకున్నాడు. పెద్ద తలుపు మూసి ఉంది. మిగతావాళ్ళు గోడ దూకారు. ఇతను దూకేలోపే తగిలింది.

తాళంచెవులు గుడి కాపలాదారు బలరాం దగ్గర ఉంటాయి కాబట్టి తలుపు మూసింది బలరామే అని అందరూ తేల్చేశారు. అతను ఔననలేదు, కాదనలేదు. సాయంత్రం గుడి కమిటీ అతన్ని పనిలోంచి తీసేసింది. కమిటీకి ప్రెసిడెంటు మా తాతయ్య. చిన్నప్పుడు బలరాంని చేరదీసి అన్నం పెట్టింది కూడా తాతయ్యే. తీర్పు చెప్పేటప్పుడు ఆయన గొంతు వణికింది. ఎంత మంచి మనిషో అనుకున్నాను.

జూన్ 16

మా పూజాసామాన్ల కొట్టులో అమ్మడానికి సామాన్లు పెద్దగా లేవు. కర్పూరం ఇండియా నుంచి రాదు. ఉన్నదల్లా తాతయ్య రేడియో. పొద్దున వాయిస్ ఆఫ్ అమెరికా పెడతాం. బెంచీ నిండుతుంది. ఇంగ్లీషులో వింటూ నేను తెలుగులో చెబుతాను, తెలుగు అందనివాళ్ళకు బర్మీస్‌లో చెబుతాను. ట్యూషన్ పిల్లలకు కూడా ఇంత శ్రద్ధగా చెప్పను.

దేశం తలుపులన్నీ మూసేశాక మాకు మిగిలిన కిటికీ ఇదే. నాలుగేళ్ళ క్రితం ఒహాయోలో స్టూడెంట్లను కాల్చారని విన్నదీ ఇక్కడే. వియత్నాం నుంచి వచ్చిన సోల్జర్లు తమ మెడల్స్ విసిరేశారని విన్నదీ ఇక్కడే. ఇప్పుడు రోజూ వాళ్ళ ప్రెసిడెంటు ఇరుక్కున్న వాటర్‌గేటే.

తాతయ్య పేరు వీరవెంకటసత్యనారాయణ. బర్మా ఆఫీసర్లకు నోరు తిరగక ఊ వీరా అంటారు, ఊ అంటే వాళ్ళ భాషలో గారు. అమెరికా ప్రెసిడెంటు గురించి అంత వివరంగా మాట్లాడే ఇంకో ఊ వీరా రంగూన్‌లో ఉండడు. అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది ఈయనే అని నాకు ఎంత గర్వమో.

జూలై 3

దండాసి భార్య మ్యా మ్యా ఈ మధ్య రోజూ వస్తోంది. వాళ్ళమ్మ తెలుగు, నాన్న బర్మీస్. మొగుడు మంచంలో ఉంటే ఇంట్లో ఒక్కతే ఏడవలేక ఇక్కడికి వచ్చి వార్తలు వింటోంది. ఇంతకీ ఆ ప్రెసిడెంటు చేసిన తప్పేమిటని ఇవాళ అడిగింది.

తాతయ్య అందుకున్నాడు. అవతలి పార్టీ ఆఫీసులో దూరింది ఆయన మనుషులట. అది చిన్న తప్పేనట. నాకు తెలియదని దాచిపెట్టి, తన మనుషుల్ని జైలుకు పోనిచ్చాడే, అదీ పాపం అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోయాడు.

బెంచీ చివర బలరాం కూర్చుని ఉన్నాడు.

తాతయ్య తలనొప్పి అని లోపలికి వెళ్ళిపోయాడు.

జూలై 5

తాతయ్య వార్తలకు రాలేదు.

జూలై 14

ఇవాళ కూడా రాలేదు. అమెరికా వాళ్ళ గోల మనకెందుకు అన్నాడు. జ్వరమేమో అని నుదురు పట్టుకు చూశాను. లేదు.

జూలై 27

వాళ్ళ కాంగ్రెస్‌లో విచారణ కమిటీ కూర్చుంది. టెక్సాస్ నుంచి ఒక ఆడ మెంబరు మాట్లాడింది. నల్లావిడ. రాజ్యాంగం రాసిన రోజుల్లో అందులో తనలాంటి వాళ్ళకు చోటు లేదని చెప్పి, ఆ రాజ్యాంగాన్నే పట్టుకుని ప్రెసిడెంటుని నిలదీసింది. గొంతు గుడిగంటే. చెబుతూ చెబుతూ నాకు ఏడుపు వచ్చింది.

ఈ ఏడే మనకూ కొత్త రాజ్యాంగం వచ్చింది. నేను పుట్టింది ఈ వీధిలో. నా దగ్గర ఉన్నది మాత్రం ఫారినర్ కార్డు.

మ్యా మ్యా ఆ మాటలు రెండోసారి చెప్పించుకుంది.

ఆగస్ట్ 9, పొద్దున ఎనిమిది

దిగిపోయాడు! ఏడున్నరకు ఆయనే మాట్లాడాడు. కొట్టు ముందు రోడ్డు మీద కూడా జనం. వాళ్ళ ప్రెసిడెంటుని వాళ్ళే దింపారు, ఒక్క తూటా పేలకుండా. మైకుసెట్టు లింగరాజు చప్పట్లు కొట్టబోయి, వీధి చివర పోలీసు ఉన్నాడని గుర్తొచ్చి చేతులు జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు మ్యా మ్యా లేచి నిలబడి అడిగింది.

"మరి మన ప్రెసిడెంట్ని ఎవులు అడుగుతారు?"

అందరూ దేశాన్ని ఏలే మిలిటరీ ప్రెసిడెంటు గురించే అనుకున్నారు. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. ఆమె నెమ్మదిగా, గుడి ప్రెసిడెంట్ని అంది. పెద్ద తలుపు దగ్గర ఆ రోజు బలరాం ఒక్కడే లేడని తన మొగుడు చెబుతున్నాడట. తలుపు సందులోంచి తెల్ల కండువా కనబడిందట. గుడిలో తెల్ల కండువా వేసుకునేది ఒక్కరే.

నాకు కోపం వచ్చింది. నోటికొచ్చినట్టు మాట్లాడకు అన్నాను. తరవాత తాతయ్య గదిలోకి వెళ్ళాను. అడగలేకపోయాను.

ఆగస్ట్ 12

తలుపు సంగతి తేల్చడానికి వచ్చే ఆదివారం గుడిలో సభ. విచారణ అంటే ఎలా ఉండాలో మావాళ్ళందరికీ ఇప్పుడు తెలుసు. తెలియడమంటే, టేపు ఉండాలి! రెండు నెలలుగా నేను టేపులు, టేపులు అని చెబుతూ వచ్చానుగా. అవి ఆ ప్రెసిడెంటు తన ఆఫీసు మాటల్ని తనే రికార్డు చేసుకున్నవని ఎవరికీ పట్టలేదు. టేపు తిరగకపోతే విచారణ చెల్లదని మైకుసెట్టు లింగరాజు తేల్చేశాడు. పెళ్ళిళ్ళలో పాటలు వేసే తన స్పూల్ మెషీన్ తెస్తాడట. కాదని చెబితే నేను తాతయ్య పక్షం అన్నారు.

ప్రశ్నలు ఎవరు అడగాలి? పద్ధతి తెలిసినది నేనే అన్నారు. ఆడపిల్ల సభలో నిలబడి అడగడమేమిటి అని ఒకరిద్దరు గొణిగారు. తులసమ్మ పెద్దమ్మ, అమెరికాలో ఆడది అడగలేదా అని వాళ్ళ నోరు మూయించింది.

రాత్రి అన్నం దగ్గర తాతయ్యకు చెప్పాను. మజ్జిగ కలుపుకుంటూ, బాగా అడుగు అన్నాడు. అంతే.

ఆగస్ట్ 18, సాయంత్రం

సభ నుంచి ఇప్పుడే వచ్చాను. వరసగా రాస్తాను.

గుడి మండపంలో జనం. దండాసిని కుర్చీలో మోసుకొచ్చారు. అమ్మవారి ముందు పసుపునీళ్ళ ఘటం, దాని పక్కన లింగరాజు మెషీన్. అమ్మవారికి పెట్టినట్టే దానికీ ఎవరో బొట్టు పెట్టారు. మా ఆచారం ప్రకారం జవాబు చెప్పేవాళ్ళు ఘటం మీద చెయ్యి వెయ్యాలి. తాతయ్య వేశాడు. ప్రాక్టీసు చేసిన ప్రశ్నలన్నీ మరిచిపోయాను. ఆ రోజు తలుపు ఎవరు మూశారని ఒక్కటే అడిగాను.

"నానే మూసినాను. బలరాం తీద్దామన్నాడు. ఆడి సెయ్యి పట్టుకుని ఆపినాను. తలుపు బయట దండాసి ఉన్నాడని నాకు తెలుసు."

కారణం కూడా చెప్పాడు. అంతకుముందు రోజే వార్డు ఆఫీసరు పిలిపించి చెప్పాడట. సమ్మెవాళ్ళు ఒక్కరు లోపలికి వచ్చినా గుడికి సీలు వేస్తాం, మీ అందరి కార్డులూ లాక్కుంటాం అని. అప్పుడు ఇండియా ఓడ ఎక్కించేస్తే ఇంతమంది ఎక్కడికి పోతారని భయపడ్డాడట. అది తప్పే, కానీ దాన్ని బలరాం నెత్తిన పెట్టడం అంతకన్నా పెద్ద తప్పు అన్నాడు. బలరాం తల దించుకుని కూర్చున్నాడు. తాతయ్య ఉప్పు తిన్నాడు కాబట్టి ఇన్నాళ్ళూ నోరెత్తలేదు. ఆ ఉప్పు మీద నాకు అసహ్యం వేసింది.

ఇక సభ సభలా లేదు. దండాసి కేకలు వేశాడు. గోడ దూకినవాళ్ళ పేర్లు, వాళ్ళని ఇళ్ళలో దాచినవాళ్ళ పేర్లు, అన్నీ చెప్పేశాడు. వాళ్ళు ఆ కుర్రాళ్ళని దాచారు, నువ్వు పెద్దవాడివి ఏం చేశావ్ అని. అప్పుడు ఎవరికో మెషీన్ కనబడింది. స్పూల్ తిరుగుతూనే ఉంది.

పద్ధతి పద్ధతి అని మా మెడకు మేమే ఉరి పేనుకున్నాం. ఇది మిలిటరీ చేతిలో పడితే ఆ ఇళ్ళన్నీ ఖాళీ. లింగరాజు మెషీన్ ఆపేశాడు. మొత్తం చెరిపేస్తాను అన్నాడు. కమిటీవాళ్ళు అదే మంచిదన్నారు, ప్రెసిడెంటు పరువు కూడా దక్కుతుందన్నారు. తాతయ్య ఘటం మీద చెయ్యి తియ్యలేదు.

"నా మాటలు ఉంచండి. కుర్రోళ్ళ పేర్లు సెరిపేయండి."

అక్కడ వాషింగ్టన్‌లో టేపులో పద్దెనిమిదిన్నర నిమిషాలు మాయమయ్యాయి. ఇక్కడా కొన్ని నిమిషాలు మాయమయ్యాయి, వాటి మీద లింగరాజు నాదస్వరం ఎక్కించాడు. తాతయ్య మాటలు మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి. నాకు సిగ్గుగా ఉండాలి. కానీ ఇంత గర్వం నాకు ఎప్పుడూ కలగలేదు. రెండూ కలిసి ఉంటాయని ఇవాళే తెలిసింది.

తాతయ్య కండువా తీసి అమ్మవారి ముందు పెట్టేశాడు. కొత్త ప్రెసిడెంటుగా ఉండడానికి మగవాళ్ళు ఒక్కరూ ఒప్పుకోలేదు. తులసమ్మని పెట్టారు. ఆమె చేసిన మొదటి పని తాళంచెవులు మళ్ళీ బలరాం చేతికివ్వడం.

సెప్టెంబర్ 9

అమెరికా కొత్త ప్రెసిడెంటు పాత ప్రెసిడెంటుని క్షమించేశాడు! పార్డన్. చేసినవన్నీ, ఇంకా చేసి ఉండగలిగినవి కూడా. చెబుతుంటే నా నోరు చేదయింది. ఇందుకేనా ఇన్ని నెలలు నేను గొంతు చించుకున్నది?

బెంచీ అంతా గోల. ఎవరో, అయితే మనమూ ఊ వీరాని క్షమించేసి మళ్ళీ ప్రెసిడెంటుని చేద్దాం అన్నారు. తాతయ్య ఈ మధ్య మళ్ళీ వార్తలకు వస్తున్నాడు, బెంచీ చివర కూర్చుంటున్నాడు. దండాసి కర్ర పట్టుకుని లేచాడు. తాను క్షమించనని చెప్పాడు. మోకాలు వంగిన రోజున చూద్దామన్నాడు. తరవాత వెళ్ళి తాతయ్య పక్కనే కూర్చుని, సౌండు పెంచమని నాతో అన్నాడు.

అమెరికా వాళ్ళు ఇది చూసి ఉంటే బాగుండేది.

డిసెంబర్ 6

యూఎన్‌లో సెక్రటరీ జనరల్‌గా పనిచేసి ఈ మధ్యే పోయిన మన దేశపు పెద్దాయన శవపేటికను స్టూడెంట్లు క్యాంపస్‌కి తీసుకుపోయారట. గవర్నమెంటు తగిన మర్యాద చెయ్యలేదని. మ్యా మ్యా అన్నం పొట్లాలు కట్టి పంపుతోంది. ఊరంతా పంపుతోందట. ఆరునెలలుగా నోరు మూసుకున్న ఊరు.

డిసెంబర్ 11

తెల్లవారకముందే సైన్యం క్యాంపస్‌లోకి వెళ్ళింది. పొద్దెక్కేసరికి వీధుల్లో పొగ. మార్షల్ లా.

పది గంటలకు మా వీధిలోకి స్టూడెంట్లు పరుగెత్తుకొచ్చారు. తులసమ్మ నది అవతల దలాలో కూతురి దగ్గర ఉంది. తాతయ్య నాతో కొట్టు మేడ మీద ఉన్నాడు. మేం దిగేలోపే బలరాం గుడి పెద్ద తలుపు రెండు రెక్కలూ బార్లా తీశాడు. ఎవరినీ అడగలేదు. దండాసి రోడ్డు మధ్యలో నిలబడి కర్రతో దారి చూపించాడు. అందరూ లోపలికి వెళ్ళాక బలరాం తలుపులు అలాగే వదిలేశాడు. మూస్తే అనుమానమని.

లోపల మ్యా మ్యా వాళ్ళ ముఖాలకు పసుపు పూసింది, కుంకుమ పెట్టింది, చేతికి వేపమండలిచ్చింది. లింగరాజు డప్పు అందుకున్నాడు. సోల్జర్లు తలుపులోంచి చూసేసరికి అమ్మవారి జాతర. ఒక బర్మా కుర్రాడు ఘటం నెత్తిన పెట్టుకుని అచ్చం మావాడిలా ఊగాడు. మావాళ్ళకన్నా బాగా ఊగాడు. సోల్జర్లు బూట్లతో లోపలికి రావాలా వద్దా అని కాసేపు చూసి వెళ్ళిపోయారు. చీకటి పడేలోపు పిల్లలందరూ వెనక సందులోంచి ట్వంటే ఊరికి వెళ్ళే పడవల వైపు దాటిపోయారు.

బలరాంని చూసి ఏడ్చాను. అతను సిగ్గుపడి తలుపు చెక్కలు తుడుస్తూ నిలబడ్డాడు.

డిసెంబర్ 13

ఎవరో చెప్పేశారు. పొద్దున ఆఫీసరు వచ్చాడు. వీధిలో అందరినీ వరసగా నిలబెట్టి తలుపు తీసింది ఎవరని అడిగాడు. చెప్పకపోతే వరసంతా లారీ ఎక్కాలన్నాడు.

బలరాం అడుగు ముందుకు వెయ్యబోయాడు. తాతయ్య అతని చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. తనే ముందుకు వెళ్ళి, స్వచ్ఛమైన బర్మీస్‌లో, తలుపు తీసింది నేను, తాళంచెవులు ప్రెసిడెంటు దగ్గర ఉంటాయి, ఆ ప్రెసిడెంటుని నేను అన్నాడు. నిన్ననే తిరిగొచ్చిన తులసమ్మ నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది.

ఆఫీసరు నమ్మలేదు. ఈ ముసలాడు ఇంత పెద్ద తలుపు తీశాడా అన్నాడు. ఈయన తాలూకు ఎవరని అడిగాడు. నేను చెయ్యెత్తాను. నిజమేనా అని అడిగాడు. తాతయ్య నా వైపు చూడలేదు. నిజమే, నా కళ్ళతో చూశాను అన్నాను. ఒక్క మాట తడబడలేదు.

తీసుకుపోయారు. లారీ ఎక్కేముందు చెప్పులు సరిగ్గా వేసుకున్నాడు. దండాసి కర్ర పక్కన పడేసి, ఒంటికాలి మీద నిలబడి, చెయ్యి ఆసరా ఇచ్చి ఎక్కించాడు. 

రేడియో పెట్టాను. రంగూన్‌లో అల్లర్లు అని ఒకే ఒక్క వాక్యం చెప్పి వేరే వార్తకు వెళ్ళిపోయారు. బెంచీ మీదవాళ్ళకు ఆ వాక్యం చెప్పి, మిగిలింది నేనే చెప్పాను.

డిసెంబర్ 15

పదకొండో తేదీన తప్పు రాశాను. తలుపు తీసింది మా తాతయ్య.