ఏ పనీ లేని అక్క

పర్చూరు,
12-2-2001

నా చెల్లి లిడియాకు,

దేవుని కృప నీకు తోడుండాలని వేడుకుని, అక్క రాస్తున్నది.

నిన్న జనాభా లెక్కలకు శివపార్వతి టీచరు వచ్చింది. నేనూ, కోటిరత్నం, పుల్లమ్మ మన వాకిట్లో మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాం. ఆ ఘాటుకి టీచరుకు ఒకటే తుమ్ములు.

"మీరేం పని చేస్తారక్కా?" అంది.

"ఏమీ లేదమ్మా. ఇంట్లోనే ఉంటా."

నా చేతులకేసి చూసి మళ్ళీ తుమ్మింది. "ఆడవాళ్ళు పనేం లేదంటే ఇంకోసారి అడగమని మీ చెల్లెలుగారే రేడియోలో చెప్పారు. అందుకే అడుగుతున్నా."

మళ్ళీ అదే మాటన్నాను. "మాకూ ఎలీసమ్మక్కదే రాసెయ్యి టీచరమ్మా" అన్నారు మిగతా ఇద్దరూ. ఆ తర్వాత వీధి వీధంతా అదే రాయించింది.

ఈ చుట్టుపక్కల మనవాళ్ళలో ఎకనామిక్స్‌లో డాక్టరేటు తెచ్చుకున్న మొదటి ఆడపిల్లవు నువ్వు. పొలాల్లో ఆడవాళ్ళ కష్టం ఏ లెక్కలోకీ రావడం లేదని పుస్తకాలు రాశావు. ఢిల్లీలో పెద్ద పెద్ద ఆఫీసర్లతో వాదించి, ఆ ప్రశ్న సరిగా అడిగేలా ఒప్పించావు. అంతటిదాని అక్క కూలికి పోతుందని చెప్పడానికి నాకు సిగ్గేసింది. నీ పరువు కాపాడాననుకున్నాను. ప్రార్థనకు కూర్చుంటే యేసును ఎరగనన్న పేతురు గుర్తొచ్చాడు. నీ కష్టాన్ని నీ తోబుట్టువే కాదనేసింది తల్లీ. ఏమన్నా పడతాను.

నీ అక్క,
ఎలీసమ్మ

పర్చూరు,
3-3-2001

లిడియమ్మా,

నీ జాబు అందింది. తిడతావనుకున్నాను. నువ్వేమో, "కాలేజీలో చేరేటప్పుడు, మీ అక్క ఏం చేస్తుందని అడిగితే, ఏ పనీ చేయదని నేనూ చెప్పానక్కా. నీ కూలితో కొన్న ఓణీ వేసుకునే చెప్పాను. ఆ మాట దిద్దుకోవడానికే ఇన్ని పుస్తకాలు రాశాను" అన్నావు.

మరిచిపోయావు తల్లీ. అలా చెప్పమని బస్సులో నీకు నేర్పింది నేనే. కూలోళ్ళ పిల్లంటే సీటివ్వరేమోనని భయపడ్డాను. నేను నీ నోట పెట్టిన అబద్ధాన్ని నీదనుకుని ఇన్నేళ్ళు మోశావు. అది చదివాక, రాయించింది దిద్దించుకుందాం రమ్మని ఇంటింటికీ తిరిగి చెప్పాను.

ఇవాళ పొద్దున్నే వీధి ఆడవాళ్ళమంతా బడికి వెళ్ళాం. రాసినవి సరిచూసుకునే రోజులు ఇంకా ఉన్నాయట.

"ఇప్పుడేం పనక్కా?" అంది టీచరు.

"మిరప కూలి" అన్నాను.

"ఎప్పట్నుంచి?"

"మా లిడియా పలక పట్టకముందు నుంచి."

వెనకనుంచి పుల్లమ్మ కేకేసింది. "నాకు మాత్రం అక్కది రాయబాకు టీచరమ్మా! ఆమె ప్రార్థన ముగించి చేలోకొచ్చేసరికి నేను సగం సాలు కోసేస్తా!"

అందరూ పడీపడీ నవ్వారు. నేను మాత్రం టీచరు కలం ఆగేదాకా అక్కడే నిలబడ్డాను.

బస్సులో నేర్పిన మాట నాది. దాన్ని ఇక నా మీద ఉండనీ. నువ్వు దించుకో.

నీ అక్క,
ఎలీసమ్మ,
మిరప కూలి